ఎర్ర కార్డు వేలాడిన బోనులు

చెప్పుల స్టాండు ముందు నర్సవ్వ చతికిలబడిపోయింది.

"ఇవ్వే బిడ్డా. మీ చిన్నాయన చెప్పులు ఇవ్వే."

విజేత మాస్కు సరిచేసుకుని వంగి చూసింది. స్టాండు కింది అరలో, పాత గమ్ బూట్ల వెనక, దుమ్ము పట్టిన జత ఒకటి ఉంది. ఎడమ చెప్పు పట్టీ తెగితే ఆకుపచ్చ నైలాన్ దారంతో కుట్టారు. ఆ దారం బజార్లో కొనేది కాదు. మరమగ్గాల ఖాతాల్లో, అంటే షెడ్లలో, మిగిలిన కండెల నుంచి మగ్గం నడిపే కారీగర్లు ఇంటికి తెచ్చుకునేది.

"పొరపాటు లేదు గదా చిన్నమ్మా?"

"నేను కుట్టిన కుట్టు నాకు తెల్వదా? ఉగాదికి కొత్తయి కొనుక్కోమంటే, ఇంకో ఏడాది నడుస్తయన్నడు."

నవాగామ్‌లో మగ్గాల పనికి వలసొచ్చిన తెలుగువాళ్ల పేట ఒకటుంది. వాళ్లిద్దరివీ అక్కడ పక్కపక్క గదులు. వరస కలిపి చిన్నమ్మ అని పిలవడమే తప్ప డిటెక్టివ్ విజేతకూ నర్సవ్వకూ చుట్టరికం లేదు. అయినా ఈ కేసు ఒప్పుకునేటప్పుడు విజేత రెండో ఆలోచన చెయ్యలేదు.

నర్సవ్వ మొగుడు పరుశురాం బమ్రోలి చివర్న ఉన్న ఈ మందుల పరిశోధన ల్యాబులో ఎలుకల కాపరి. అంతకుముందు మగ్గాల మీద పనిచేసేవాడు. బీపీతో కళ్లు తిరుగుతుంటే నిలబడి చేసే పని మానేసి ఇందులో చేరాడు. మొన్న ఉగాది ముందు రోజు పనికని వచ్చాడు. ఆ సాయంత్రమే లాక్‌డౌన్ ప్రకటించారు. మనిషి తిరిగి ఇల్లు చేరలేదు. ఇప్పుడు జూన్ నెల నడుస్తోంది, షట్టర్లు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి, పరుశురాం జాడ మాత్రం లేదు.

ల్యాబు వాళ్లు పోలీసులకు చెప్పిన కథ వేరు. లాక్‌డౌన్ మాట చెవిన పడగానే అతను మూగజీవాలను గాలికొదిలేసి ఊరికి పారిపోయాడట. అతని వల్లే ఎలుకలన్నీ ఆకలికి మాడి చచ్చాయట. అయినవాళ్లు కూడా ఆ మాటే నమ్మారు. దారిలో ఇంకెవరితోనో కాపురం పెట్టాడని పుకారు కూడా పుట్టించారు. నర్సవ్వకు కావలసింది ఒక్కటే. మొగుడున్నాడని ఎదురు చూడాలా, లేడని ఏడవాలా? రెంటిలో ఏదీ చెయ్యలేక ఆమె చిక్కి సగమైంది.

"చెప్పులతో కేసు గెలుద్దామనా!"

వెనక నుంచి వినిపించిన ఆ గొంతు విజేతకు కొత్త కాదు. ఓంకార్. రింగ్ రోడ్డులో ఏసీ ఆఫీసు ఉన్న ప్రైవేట్ డిటెక్టివ్. ఒకప్పుడు విజేతకు ఈ పనిలో ఓనమాలు దిద్దించింది అతనే. ఆ చనువుతోనే ఇప్పటికీ ఆమెను చిన్నపిల్ల కింద జమకడతాడు. ఈసారి ల్యాబు యాజమాన్యం అతన్ని పెట్టుకుంది.

"ఊరికి నడిచి పోయేవాడు చెప్పులు వదిలేసి పోతాడా సార్?" అంది విజేత.

"నడిచి పోలేదమ్మా, ట్రక్కెక్కి పోయాడు. మహారాష్ట్ర సరిహద్దు దాకా దింపిన క్లీనర్ సంతకం నా దగ్గరుంది. లోపల వేసుకునే రబ్బరు చెప్పులతోనే పోయుంటాడు. ఈ ముసలమ్మకు లేనిపోని ఆశలు పెట్టకు."

"ఆశ పెట్టడానికి రాలేదు. గది చూడడానికొచ్చాను. ఎస్సై గారు ఒప్పుకున్నారు."

ఓంకార్ భుజాలెగరేసి పక్కకు తప్పుకున్నాడు.

ఇనప తలుపు దగ్గర డాక్టర్ శరత్ నిలబడి ఉన్నాడు. ఈ ఎలుకల మీద పరిశోధన అతనిదే. గుంటూరు నుంచి వచ్చి వరాఛాలో ఫ్లాటు తీసుకున్నాడు. మాస్కు మీద కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, అవి నిద్రపోయిన కళ్లలా లేవు.

"ఫోన్లు ఇక్కడే లాకరులో పెట్టాలండీ. రూలు," అన్నాడు.

"ఎలుకలే లేవు కదా డాక్టర్ గారూ, ఇంకా రూలెందుకు?"

"అలవాటు." అతను తల దించుకున్నాడు. "తోకకు రబ్బరు పట్టీ చుట్టి వాటి బీపీ చూస్తాం. చిన్న చప్పుడైనా బీపీ పెరిగిపోతుంది. కాపరి కూడా చొక్కా, ఫోను, అన్నీ బయటే పెట్టి లోపలికెళ్లాలి."

నర్సవ్వను తలుపు పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టి ముగ్గురూ లోపలికి వెళ్లారు.

కిటికీల్లేని గది. గోడలకూ పైకప్పుకూ మందపాటి స్పాంజి పలకలు అతికించారు. వెనక బోనులు కడిగే చిన్న గది, అందులో ఒక కుళాయి ఉంది. మధ్యలో ఇనప అరల మీద బోనులు వరసగా ఉన్నాయి. కేసు తేలేదాకా వాటిని కదపొద్దని పోలీసులు చెప్పారు. కాపరి నిర్లక్ష్యానికి అవే సాక్ష్యమని ల్యాబు వాదన. చచ్చిన ఎలుకల్ని తీసేశారు గానీ వాసన ఇంకా పోలేదు.

ఎడమ వైపు అరలో కొన్ని బోనులకు ఎర్ర కార్డులు వేలాడుతున్నాయి.

"ఇవేమిటి?"

"ఉపవాసం కార్డులు." పరిశోధన మాట రాగానే శరత్ గొంతులో కాస్త జీవం వచ్చింది. "ఇవి పుట్టుకతోనే బీపీ ఉన్న జాతి ఎలుకలు. వయసులో ఉన్నప్పుడు మామూలు వాటికీ వీటికీ పెద్ద తేడా కనిపించదు. ముసలివవుతున్న కొద్దీ తేడా బయటపడుతుంది. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి ఎదురీది గుండె మందమైపోతుంది. గుండె మామూలుగా కొవ్వును ఎక్కువ వాడుకుంటుంది. వీటిలో ఆ శక్తి తగ్గి, చక్కెర మీద ఆధారపడడం మొదలవుతుంది. ఒంట్లో నిల్వలు కూడా తరిగిపోతాయి. రక్తం తీసే ముందు రాత్రి తిండి ఆపి, ఒళ్లు ఎలా తట్టుకుంటుందో చూస్తాం. పడుచువి తట్టుకుంటాయి."

"ముసలివి?"

"కష్టం. అందుకే ఒక్క రాత్రికి మించి ఎప్పుడూ ఆపం."

"ఎర్ర కార్డు ఎవరు పెడతారు?"

"నేనే. తిండి తీసేసి కార్డు పెడతాను. మళ్లీ నేను తీసేదాకా ఆ బోనుకు దాణా వెయ్యకూడదు. కాపరులు జాలిపడి వేసేస్తుంటారని, ఉపవాసం రోజు గదికి బయట నుంచి తాళం వేసి తాళంచెవి నేను పట్టుకెళ్తాను."

"ఆ రోజు కూడా అలాగే చేశారా?"

"చేశాను. లాక్‌డౌన్ అని ఫోనొచ్చింది, కంగారుగా బయల్దేరాను. పరుశురాం నాకంటే ముందే వెళ్లిపోయాడు. చివర్న తాళం వేసింది నేనే. ఇంకో తాళంచెవి లేదు."

"పోలీసుల దగ్గర కూడా ఇదే చెప్పాడు. రాసి పెట్టుకో," అన్నాడు ఓంకార్.

విజేత రాసుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఎర్ర కార్డులున్న బోనుల్లోకి టార్చి వేసింది. మొదటి దాంట్లో పొట్టు పైన నీళ్ల సీసా మూత ఒకటి వెల్లకిలా పెట్టి ఉంది. మూతలో మట్టిలా గట్టిపడిన ముద్ద. రెండో బోనులోనూ అంతే. మూడో దాంట్లోనూ అంతే. ఆమె జాగ్రత్తగా ఒక మూత బయటికి తీసి వెలుతురులో పెట్టింది. దాణా బిళ్లల్ని నీళ్లలో నానబెట్టి, మెదిపి, మూతలో ఒత్తారు. ఎండిన ముద్ద మీద బొటనవేలి గుర్తు దిగబడి ఉంది. పక్కనే చిన్న పళ్ల గీతలు.

పచ్చి బాలింతకు పథ్యం కలిపినంత శ్రద్ధగా కలిపారు దాన్ని.

కుడివైపు బోనుల్లో మూతల్లేవు. అక్కడివి పడుచు ఎలుకల బోనులు. వాటి దాణా తొట్లు నాకి పెట్టినట్టు ఖాళీగా ఉన్నాయి.

"డాక్టర్ గారూ, ఇది మీరు పెట్టారా?"

శరత్ మూత వంక చూశాడు. అంతవరకూ దాన్ని చూడనే లేదని అతని కళ్లు చెప్పేశాయి.

"లేదు."

"మీరు కార్డు పెట్టాక తిండి లేదు. తాళం వేశాక లోపల ఎవరూ లేరు. తాళంచెవి మీ దగ్గరే ఉంది. మరి ఎర్ర కార్డు కింద ఈ ముద్ద ఎవరు పెట్టారు?"

ఓంకార్ మధ్యలోకి వచ్చాడు.

"పాత ముద్దలై ఉంటాయి. తిండి తీసేటప్పుడు మర్చిపోయి ఉంటాడు. దీనికింత రాద్ధాంతం దేనికి?"

"ఒక్క బోనులో మర్చిపోతే ఒప్పుకుంటా సార్. ఎర్ర కార్డున్న ప్రతి బోనులో ఉంది, మిగతా వాటిలో లేదు. దాణా అయిపోవస్తుంటే, ఎవరో చివరి పిడికెడు ఈ ముసలివాటికే పెట్టారు. కొరకలేకపోతున్నాయని నానబెట్టి మరీ పెట్టారు. పారిపోయినవాడు చేసే పనా ఇది?"

"లోపల మనిషి ఉంటే అరవడా? తలుపు బాదడా? వాచ్‌మన్ ఇరవై నాలుగు గంటలూ గేటు దగ్గరే ఉన్నాడు."

"అదీ చూద్దాం. మీరిద్దరూ బయటికెళ్లి తాళం వెయ్యండి. చిన్నమ్మ తెచ్చుకున్న ఫ్లాస్కులో చాయ్ ఉంది. ఆమె ఒక కప్పు తాగడం అయ్యాక తలుపు తియ్యండి."

ఓంకార్ ఆమె ముఖంలోకి చూశాడు. "ఫోను కూడా లేదు నీ దగ్గర. నన్ను అంత నమ్ముతున్నావా?"

"మిమ్మల్ని కాదు సార్. బయట నర్సవ్వ ఉంది."

తలుపు మూసుకుంది. తాళం పడిన చప్పుడు కూడా లోపలికి రాలేదు. విజేత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి "చిన్నమ్మా!" అని అరిచింది. మాట నోట్లోంచి వచ్చినట్టే వచ్చి ఎక్కడో ఇంకిపోయింది. ఇంకా గట్టిగా అరిచింది. గొంతు చీలిపోయేలా అరిచింది. తలుపు బాదింది. దానికి కూడా లోపలివైపు స్పాంజి పలక కొట్టి ఉంది, పరుపు మీద గుద్దినట్టయింది. ఎలుకల బీపీ పెరగకూడదని కట్టిన గది అది. బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి చప్పుడు బయటికి పోదు.

కప్పు చాయ్‌కి ఎంతసేపు పట్టాలి? చాలా సేపైనట్టు అనిపించింది. ఆమెకు చెమటలు పోశాయి. పరుశురాం చిన్నాయన ఇలాగే ఇక్కడే నిలబడి ఉంటాడనిపించగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు.

తలుపు తెరుచుకుంది. నర్సవ్వ కప్పు కింద పెట్టి లేచి నిలబడింది.

"చిన్నమ్మా, నీకేమన్న ఇనవడ్డదా?"

"ఏం ఇనరాలే. నువ్వు ఒర్రినవా బిడ్డా?"

"గొంతు పోయేదాక ఒర్రిన."

నర్సవ్వ తలుపు వంక చూసింది. బల్ల వంక చూసింది. మళ్లీ తలుపు వంక చూసింది. ఆమె ముఖంలో రంగు దిగిపోవడం విజేత చూస్తూనే ఉంది.

"ఉగాది నాడు నేనొచ్చిన," అంది నర్సవ్వ నెమ్మదిగా. "గల్లీలల్ల వడి, పోలీసోల్లతోని దెబ్బలు తిని వచ్చిన. పండుగ బచ్చాలు చేసి డబ్బల వెట్టుకొని వచ్చిన. గేటు కాడ వాచ్‌మన్ జర దయదలిచి గీ తలుపు దాక తోల్కచ్చిండు. దేఖో అమ్మా, తాలా హై, అందర్ కోయీ నహీ అన్నడు. తాళమున్నది, లోపట ఎవ్వలు లేరని. నేను గీ బల్ల మీదనే కూసున్న. ఎటు వోయిండో అని గీన్నే కూసోని ఏడ్సిన. ఆయన... ఆయన లోపట్నే ఉన్నడా బిడ్డా?"

విజేత శరత్ వైపు తిరిగింది.

"పరుశురాం వయసెంత డాక్టర్ గారూ?"

"యాభై దాటింది."

"బీపీ ఎన్నేళ్ల నుంచి?"

"చాలా ఏళ్ల నుంచి. మాత్రలు నేనే రాసిచ్చేవాణ్ని."

"ఆ మాత్రలు ఎక్కడుండేవి?"

శరత్ లాకరు వైపు చూశాడు. "చొక్కా జేబులో. లాకరులో."

"ఏళ్ల తరబడి బీపీ ఉన్న ముసలి గుండె ఆకలికి ఏమవుతుందో ఈ ఊళ్లో మీకంటే బాగా తెలిసినవాళ్లెవరు? మాత్రల్లేవు, అన్నం లేదు. ఎలుకల దాణా, కుళాయి నీళ్లు. అదైనా తను కడుపునిండా తినలేదు, ముసలి ఎలుకలకు పంచాడు. తలుపు మీరెప్పుడు తీశారు?"

"నోరు ముయ్యి డాక్టర్," అన్నాడు ఓంకార్. "ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. వకీలు వచ్చేదాకా..."

శరత్ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. మాస్కు లాగేశాడు. విజేత అనుకున్నంత వయసు లేదతనికి.

"వెనక గదిలో సీసాలు కడుగుతున్నాడు," అన్నాడు. "కుళాయి చప్పుడులో నేను వెళ్లడం అతనికి వినపడలేదు. వెళ్లిపోయాడనుకుని తాళం వేశాను. ఒట్టేసి చెప్తున్నాను, వెళ్లిపోయాడనే అనుకున్నాను. మర్నాటి నుంచి మా వీధి మూసేశారు. పాసు దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఎలుకలు చచ్చిపోయుంటాయని ఏడుస్తూ వచ్చాను. వాటి కోసం ఏడుస్తూ వచ్చాను నేను. తలుపు తీస్తే..."

"తీస్తే?"

"ముసలి వాటి అరకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో సీసా మూత ఉంది. పోయాడనుకున్నాను. కళ్లు తెరిచాడు."

నర్సవ్వ చెయ్యి విజేత భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

"బతికే ఉన్నాడా?" అంది విజేత. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఉన్నాడు. ఎర్ర కార్డు బోనుల్లో రెండు ఎలుకలు కూడా బతికే ఉన్నాయి. నాకు చేతులూ కాళ్లూ ఆడలేదు. గ్లూకోజు నీళ్లు తాగించాను. యాజమాన్యానికి ఫోను చేస్తే ఓంకార్ గారిని పంపారు."

ఓంకార్ గేటు వైపు అడుగేశాడు. అక్కడ వాచ్‌మన్ పక్కన ఎస్సై పంపిన కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. ఓంకార్ ఆగిపోయాడు.

"కారులో ఇద్దరం ఎక్కించుకెళ్లాం," శరత్ ఆపలేదు. అన్నాళ్లు బిగబట్టింది ఒక్కసారిగా తెగింది. "కోవిడ్ ఆస్పత్రి గేటు దగ్గర దింపి, రోడ్డు మీద పడి ఉన్నాడని చెప్పమన్నాడు ఓంకార్. పేరు చెప్పొద్దన్నాడు. అక్కడ ఎవరూ ఎవర్నీ అడగట్లేదు అప్పుడు. తిరిగొచ్చాక లాకరులోని చొక్కా, ఫోను తీసేయించాడు. ఆ రెండు ఎలుకల్ని కూడా ఉంచొద్దన్నాడు. అవి బతికుంటే ఎవరు మేపారని అడుగుతారన్నాడు. నా చేతులతో నేనే..."

"చిన్నాయన ఏమయ్యాడు?"

శరత్ ఓంకార్ వైపు చూశాడు. ఓంకార్ నేల చూపులు చూస్తూ, ఎవరితోనూ కాకుండా గాలితో చెప్పినట్టు చెప్పాడు. "రెండు రోజులున్నాడు. పేరులేని శవాల్లో కలిపి దహనం చేశారు. ఆరా తీసి తెలుసుకున్నాను."

"తెలిసీ క్లీనర్ చేత సంతకం పెట్టించారు," అంది విజేత. "ఈమె మొగుడు పారిపోయాడని ఊరంతా చెప్పించారు. మీ దగ్గర పని నేర్చుకున్నందుకు సిగ్గుపడుతున్నాను సార్."

కానిస్టేబుల్ వచ్చి ఓంకార్ పక్కన నిలబడ్డాడు.

నర్సవ్వ ఏడవలేదు. స్టాండు దగ్గరికి వెళ్లి చెప్పుల జత తీసింది. కొంగుతో దుమ్ము తుడిచింది. వచ్చి శరత్ ఎదురుగా నేల మీద కూర్చుంది. కోపం చేస్తుందేమో, చెంప పగలగొడుతుందేమో అని విజేత చూసింది. కొడితే ఆపదలచుకోలేదు కూడా.

"సారూ," అంది నర్సవ్వ. "కార్ల వోతున్నప్పుడు ఏమన్న అన్నడా? నా పేరు గిట్ల ఎత్తిండా?"

శరత్ తల ఎత్తకుండానే చెప్పాడు.

"మాట సరిగ్గా రాలేదమ్మా. ఒక్కటే అన్నాడు, అదే పదే పదే అన్నాడు. 'మాఫ్ చెయ్యున్రి సార్. ఎర్ర కార్డులుండంగనే దాణా వెట్టిన. ముసలియి, ఆకలికి ఆగలేకపోయినయ్' అన్నాడు."

"మరి నువ్వేమన్నవు సారూ?" అంది నర్సవ్వ. "మాఫ్ చేసినవా?"

శరత్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

ఎదురు చూడాలా, ఏడవాలా అని ఇంక నర్సవ్వ ఎవరినీ అడగనక్కర్లేదు. చెప్పులు ఒళ్లో పెట్టుకుని గొంతెత్తి ఏడ్చింది. విజేత ఆమె పక్కన కూర్చుని పట్టుకుంది. తెరిచి ఉన్న ఆ ఇనప తలుపు ముందు మొదలైన ఏడుపు గేటు దాటి రోడ్డు దాకా వినిపించింది.